153 మిల్లీగ్రాములు 306 యూనిట్లు ఎలా అవుతాయి? అమెరికాలో కీమోథెరపీ సూదిమందుల బిల్లింగ్

హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఆఫీసుల్లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల చార్టులు చదివి, వాటికి కోడ్లు వేసే పనిలో తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. క్యాన్సర్ రోగి ఇన్‌ఫ్యూజన్ (నరంలోకి మెల్లగా మందు ఎక్కించడం) చార్టు మొదటిసారి చేతికి వచ్చినప్పుడు కొత్త కోడర్ తడబడేది కోడ్ దొరకక కాదు. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు పేరు వెతికితే దాని కోడ్ జే9263 నిమిషంలో కనబడుతుంది. తడబాటు ఆ తర్వాత మొదలవుతుంది. డాక్టర్ రాసిన మోతాదు 153 మిల్లీగ్రాములు, క్లెయిమ్‌లో, అంటే బీమా సంస్థకు పంపే బిల్లులో, వేయవలసిన యూనిట్లు 306, ఫార్మసీ తెరిచిన వయల్స్‌లో (మందు సీసాల్లో) ఉన్న మందు 200 మిల్లీగ్రాములు. మూడు అంకెలూ నిజమైనవే. ఒకే రోగికి, ఒకే రోజు ఎక్కించిన ఒకే మందుకు సంబంధించినవే. వీటి మధ్య ఉన్న లెక్క తెలిస్తే ఈ బిల్లింగ్‌లోని చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ముందుగా ఈ బిల్లు ఎందుకు ఇంత ప్రాణసంకటంగా ఉంటుందో చెప్పాలి. అమెరికాలో కీమోథెరపీ ఇచ్చే క్లినిక్ మందును ముందే తన డబ్బుతో కొని, రోగికి ఎక్కించి, ఆ తర్వాత బీమా సంస్థకు బిల్లు పంపుతుంది. దీన్ని ఆ రంగంలో ‘బై అండ్ బిల్’ అంటారు. అరవై అయిదేళ్లు దాటినవారికి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో, క్లినిక్‌లో ఎక్కించే ఇలాంటి మందులు పార్ట్ బీ అనే భాగం కిందికి వస్తాయి. కొన్ని మందులు ఒక్క డోసుకే వేల డాలర్లు పలుకుతాయి కాబట్టి, యూనిట్ల గడిలో ఒక అంకె తప్పు పడితే ఆ నష్టం క్లినిక్ మీదనో, రోగి మీదనో, ప్రభుత్వ ఖజానా మీదనో పడి తీరుతుంది.

క్లెయిమ్‌లో మూడు రకాల కోడ్లు పక్కపక్కన కూర్చుంటాయి. రోగం ఏమిటో ఐసీడీ-10-సీఎం కోడ్ చెబుతుంది. ఏ మందు ఎంత ఇచ్చారో, కోడర్లు ‘హిక్‌పిక్స్’ అని పిలుచుకునే వ్యవస్థలోని జే కోడ్ లేదా క్యూ కోడ్ చెబుతుంది. మందును శరీరంలోకి ఎలా, ఎంతసేపు ఎక్కించారో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నిర్వహించే సీపీటీ కోడ్ చెబుతుంది. ఈ మూడూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకోవాలి. ఒకటి తప్పితే మిగతా రెండూ సరిగ్గా ఉన్నా డినయల్, అంటే బీమా సంస్థ చెల్లింపు నిరాకరణ, రావచ్చు.

ఇక యూనిట్ల సంగతి. ప్రతి జే కోడ్ వివరణలోనూ ఒక కొలత ఉంటుంది, ఆ కొలతే ఒక బిల్లింగ్ యూనిట్. చిక్కేమిటంటే ఆ కొలత మందు మందుకూ మారిపోతుంది. ఆక్సాలిప్లాటిన్‌కు ఒక యూనిట్ అంటే అర మిల్లీగ్రాము. అందుకే 153 మిల్లీగ్రాములు 306 యూనిట్లయ్యాయి. పాక్లిటాక్సెల్ జే9267కు ఒక మిల్లీగ్రాము, సిస్‌ప్లాటిన్ జే9060కు పది, కార్బోప్లాటిన్ జే9045కు యాభై, ఫ్లోరోయురాసిల్ జే9190కి ఏకంగా అయిదు వందల మిల్లీగ్రాములు. కార్బోప్లాటిన్ 600 మిల్లీగ్రాములు ఇస్తే వేయవలసినవి 12 యూనిట్లు. తొందరలో 600 అని కొట్టామంటే రోగికి ముప్పై గ్రాములు ఎక్కించామని రాసినట్టు. ఇంత పెద్ద పొరపాటును ఒక రోజులో ఒక రోగికి ఉండదగిన యూనిట్లకు హద్దు పెట్టే మెడికేర్ తనిఖీలు చాలావరకు పట్టుకుంటాయి. నాకు భయం వేసేది రెండో వైపు తప్పును చూస్తే. ఆక్సాలిప్లాటిన్‌కు 306 బదులు 153 అని వేస్తే ఏ తనిఖీ ఆపదు, ఏ డినయల్ రాదు, క్లెయిమ్ నిశ్శబ్దంగా చెల్లిపోతుంది. క్లినిక్ కొన్న మందులో సగానికి డబ్బు రాలేదన్న సంగతి ఎవరికీ తెలియకపోవచ్చు.

మోతాదు యూనిట్‌కు సరిగ్గా సరిపోనప్పుడు పై యూనిట్‌కు సర్దాలి. ఫ్లోరోయురాసిల్ 720 మిల్లీగ్రాములిస్తే ఒకటిన్నర యూనిట్ కూడా కాదు, అయినా వేయవలసినవి రెండు.

మందు పేరు ఒకటే అయినా కోడ్ ఒకటే అనుకోకూడదు. ట్రాస్టుజుమాబ్ అసలు ఉత్పత్తికి జే9355 ఉండగా, దాని బయోసిమిలర్లలో (దాన్ని పోలి ఇతర కంపెనీలు చేసిన మందుల్లో) ఓజివ్రికి క్యూ5114, కాంజింటికి క్యూ5117 అని విడివిడి కోడ్లు ఉన్నాయి. మన హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ తయారుచేసిన బోర్టిజోమిబ్‌కు అసలు ఉత్పత్తి కోడ్ జే9041 కాక, జే9046 అనే సొంత కోడ్ ఇచ్చారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్కలో రెండూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలుగా గుర్తింపు పొందకపోవడం దానికి కారణం. డాక్టర్ ఆర్డర్‌లో సాధారణంగా మందు పేరు మాత్రమే ఉంటుంది. ఏ కంపెనీ వయల్ తెరిచారన్నది తెలియాలంటే డబ్బా మీది ఎన్‌డీసీ అంకె, అంటే ఆ కంపెనీ మందుకు ఇచ్చిన గుర్తింపు సంఖ్య, చూడాలి. ఆ అంకె డబ్బా మీద పది స్థానాల్లో ఉంటే క్లెయిమ్‌లో 5-4-2 వరుసలో పదకొండు స్థానాలకు మార్చాలి. ఏ భాగంలో అంకె తగ్గితే ఆ భాగం ముందు సున్నా చేర్చాలి. సున్నా తప్పు చోట చేరితే అది వేరే మందు అంకె అయిపోవచ్చు, లేదా ఏ మందుదీ కాకుండా పోవచ్చు.

ఇప్పుడు మిగిలిన 47 మిల్లీగ్రాముల దగ్గరికి వద్దాం. ఫార్మసీలో ఆక్సాలిప్లాటిన్ వయల్స్ 100, 50 మిల్లీగ్రాముల పరిమాణాల్లో ఉన్నాయనుకుందాం. 153 కావాలంటే ఒక వంద, రెండు యాభైలు తెరవాలి. అవి ఒకే డోసుకు ఉద్దేశించిన వయల్స్ కాబట్టి మిగిలినది పారవేయవలసిందే. ఆ పారవేసిన మందుకు కూడా మెడికేర్ డబ్బు ఇస్తుంది, అయితే దాన్ని విడి లైన్‌లో జేడబ్ల్యూ అనే మాడిఫయర్‌తో, అంటే కోడ్ పక్కన చేర్చే రెండక్షరాల గుర్తుతో, చూపించాలి. కాబట్టి మొదటి లైన్‌లో జే9263, 306 యూనిట్లు. రెండో లైన్‌లో అదే కోడ్, జేడబ్ల్యూ, 94 యూనిట్లు. రెండూ కలిపితే 400, అంటే తెరిచిన 200 మిల్లీగ్రాములు. ఈ కూడిక సరిపోతేనే క్లెయిమ్ నిలబడుతుంది.

జేడబ్ల్యూ 2017 జనవరి 1 నుంచి దేశమంతటా తప్పనిసరి అయింది. అయితే చాలా క్లెయిములు జేడబ్ల్యూ లేకుండానే వచ్చేవి. ఆ మౌనానికి రెండు అర్థాలున్నాయి: మందు ఏమీ మిగలలేదని ఒకటి, మిగిలినా రాయడం మరిచారని ఇంకొకటి. ఆ సందిగ్ధం పోగొట్టడానికి 2023 జూలై 1 నుంచి, ఏమీ పారవేయకపోతే ఆ సంగతిని కూడా జేజెడ్ అనే మాడిఫయర్‌తో చెప్పితీరాలన్నారు. పని పెరిగిందని కోడర్లు సణుక్కున్నారు గానీ, ఈ నిబంధన సరైనదేనని నా అభిప్రాయం. 2021లో వచ్చిన మౌలిక సదుపాయాల చట్టం ప్రకారం, ఒకే డోసు వయల్స్‌లో పారవేసినది నిర్ణీత శాతం, అంటే సాధారణంగా 10 శాతం దాటితే, ఆ పైమొత్తాన్ని మందు తయారీదారు మెడికేర్‌కు తిరిగి చెల్లించాలి. పెద్ద వయల్ మాత్రమే అమ్మి సగం పారబోయించే అలవాటుకు ఆ చట్టం కళ్లెం వేసింది. ఆ లెక్క మొత్తం కోడర్ వేసే ఈ రెండక్షరాల మీదే ఆధారపడి ఉంటుంది.

చిన్న మోతాదుల్లో ఈ లెక్క ఇంకా సున్నితమవుతుంది. బోర్టిజోమిబ్ 3.5 మిల్లీగ్రాముల వయల్‌లో వస్తుంది, యూనిట్ 0.1 మిల్లీగ్రాము, కాబట్టి వయల్ మొత్తం 35 యూనిట్లు. రోగికి 2.34 మిల్లీగ్రాములు ఇచ్చారు, అది 23.4 యూనిట్లు, పైకి సర్దితే 24. మిగిలినది 1.16 మిల్లీగ్రాములు కదా అని దాన్ని కూడా పైకి సర్ది 12 వేస్తే మొత్తం 36 అవుతుంది, వయల్‌లో లేని మందుకు బిల్లు వేసినట్టవుతుంది. పారవేసినది 11 అని వేయాలి. అలాగే వయల్‌లోంచి మందు తీయడానికి వీలుగా తయారీదారు కొద్దిగా ఎక్కువగా నింపే మందుకు మెడికేర్ డబ్బు ఇవ్వదు. దాన్ని ఇచ్చిన మోతాదులోనూ కలపకూడదు, పారవేసిన లెక్కలోనూ చూపకూడదు.

మళ్లీ 153 దగ్గరే ఒక్క మాట. చాలా ఆసుపత్రుల్లో మోతాదును దగ్గరి వయల్ పరిమాణానికి సర్దుకోవచ్చన్న లిఖితపూర్వక విధానం ఉంటుంది, తేడా కొద్ది శాతానికి మించనంత వరకు. 153కు, 150కి తేడా రెండు శాతమే. సర్దితే రెండు వయల్స్ చాలు, 300 యూనిట్లు జేజెడ్‌తో ఒకే లైన్‌లో పోతాయి, పారవేసేది ఏమీ ఉండదు. ఈ నిర్ణయం డాక్టర్‌ది, ఫార్మసిస్ట్‌ది. కోడర్ చేయగలిగింది చార్టులో చివరికి ఏ అంకె ఎక్కించినట్టు ఉందో చూసి దాన్నే వేయడం. ఆర్డర్‌లోని 153ను చూసి బిల్లు వేసి, నర్సు రాసిన 150ని చూడకపోవడం నేను చాలాసార్లు సరిదిద్దిన తప్పు.

మందు లెక్క అయింది, ఇక కాలం లెక్క. మందు ఎక్కించే పనికి ఇచ్చే డబ్బు నిమిషాల మీద నడుస్తుంది. పదిహేను నిమిషాలు, అంతకు లోపల ఇచ్చినదైతే పుష్. పదహారో నిమిషం నుంచి ఇన్‌ఫ్యూజన్. కీమో ఇన్‌ఫ్యూజన్ మొదటి గంటకు సీపీటీ కోడ్ 96413. అదనపు గంటకు 96415. అయితే రెండో కోడ్ రావాలంటే మొదటి గంట దాటాక ముప్పై నిమిషాల కంటే ఎక్కువ సేపు మందు నడవాలి. 10:05కు మొదలై 11:35కు ఆగితే తొంభై నిమిషాలు, 96413 ఒక్కటే. 11:36కు ఆగితే తొంభై ఒకటి, 96415 కూడా వస్తుంది. మధ్యలో రోగికి ఒళ్లు దద్దురులెక్కో, ఊపిరి బరువెక్కో ఇరవై నిమిషాలు ఆపి ఉంటే ఆ ఇరవై నిమిషాలు తీసేయాలి, మందు నిజంగా ప్రవహించిన కాలమే లెక్క.

ఒక రోజు షీట్‌ను దగ్గరగా చూద్దాం. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఫోల్ఫాక్స్ పద్ధతి, రోగి శరీర వైశాల్యం 1.8 చదరపు మీటర్లు. ఉదయం 9:10కి వాంతులు రాకుండా పాలోనోసెట్రాన్ పుష్. 9:15 నుంచి 9:35 వరకు డెక్సామెథసోన్ ఇన్‌ఫ్యూజన్. 9:40 నుంచి 11:40 వరకు ఆక్సాలిప్లాటిన్, అదే సమయంలో పక్క సంచి నుంచి ల్యూకోవోరిన్ 720 మిల్లీగ్రాములు. 11:45కు ఫ్లోరోయురాసిల్ 720 మిల్లీగ్రాములు పుష్. 11:55కు 4,320 మిల్లీగ్రాముల ఫ్లోరోయురాసిల్‌తో పంపు తగిలించి, నలభై ఆరు గంటల తర్వాత రమ్మని ఇంటికి పంపారు.

మొదట ఇచ్చింది పాలోనోసెట్రాన్ కాబట్టి అదే మొదటి కోడ్ అవుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. కాదు. ఒక సందర్శనకు, ఒక సూది చోటుకు ‘ఇనిషియల్’ అన్న కోడ్ ఒక్కటే ఉంటుంది. దాన్ని గడియారం నిర్ణయించదు. ఆసుపత్రి క్లెయిములో కీమో అన్నిటికంటే పైన, ఇతర మందులు ఆ తర్వాత, సెలైన్ హైడ్రేషన్ అట్టడుగున. ప్రతి వర్గంలోనూ ఇన్‌ఫ్యూజన్ ముందు, పుష్ తర్వాత. డాక్టర్ క్లినిక్‌లో అయితే రోగి ఆ రోజు ముఖ్యంగా దేనికోసం వచ్చారో అది మొదటిది. ఇక్కడ రెండు దారులూ ఆక్సాలిప్లాటిన్ దగ్గరికే చేరతాయి. మొదటి గంటకు 96413, రెండో గంటకు 96415. పక్కన సమాంతరంగా నడిచిన ల్యూకోవోరిన్‌కు 96368, ఎన్ని సంచులున్నా రోజుకు ఒక్కసారే. డెక్సామెథసోన్ ఇరవై నిమిషాలు నడిచింది కాబట్టి 96367. పాలోనోసెట్రాన్‌కు 96375. ఫ్లోరోయురాసిల్ పుష్‌కు 96411. పంపు తగిలించి నడపడం మొదలుపెట్టినందుకు 96416. ఇది కూడా మొదటి సేవ తరహా కోడ్ కావడం వల్ల కొందరు పేయర్లు (డబ్బు చెల్లించే బీమా సంస్థలు) మాడిఫయర్ అడుగుతారు. పంపు తీసేసే రోజున పోర్టును (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చిన ద్వారాన్ని) కడిగినందుకు ఉన్న 96523కు, ఆ రోజు మరే సేవా లేకపోతేనే మెడికేర్ చెల్లిస్తుంది.

ఈ జాబితాలో లేనిదొకటి గమనించాలి. మందుల మధ్య గొట్టం శుభ్రంగా ఉంచడానికి నడిపిన సెలైన్‌కు విడిగా ఏమీ రాదు. రోగికి నీరు తగ్గిందని డాక్టర్ ఆర్డర్ రాసి, మరే ఇన్‌ఫ్యూజన్‌తోనూ కలవకుండా కనీసం ముప్పై ఒక్క నిమిషాలు విడిగా నడిపితేనే హైడ్రేషన్ కోడ్ వేయవచ్చు.

కీమో ఎక్కించే కోడ్లు కీమోకు మాత్రమే పరిమితం కావు. పెంబ్రోలిజుమాబ్ లాంటి మోనోక్లోనల్ యాంటీబాడీలకు కూడా ఇవే కోడ్లు, ఎందుకంటే ఇవి వేరే మందుల కంటే ఎక్కువ నిఘా, ఎక్కువ శిక్షణ ఉన్న నర్సులను కోరతాయి. అయితే ఐసీడీ కోడ్ దగ్గర మాత్రం తేడా పాటించాలి. కీమో కోసమే వచ్చినప్పుడు ముందు జెడ్51.11, ఇమ్యునోథెరపీకి జెడ్51.12, ఆ వెనుక క్యాన్సర్ కోడ్. ఇక్కడ కొత్తవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. శస్త్రచికిత్సతో గడ్డ మొత్తం తీసేశారని నోట్‌లో చదివి, ‘పూర్వం క్యాన్సర్ ఉండేది’ అన్న అర్థమిచ్చే జెడ్85 కోడ్ వేస్తారు. ఆ చోటుకు సంబంధించిన చికిత్స ఇంకా నడుస్తున్నంత కాలం అది నడుస్తున్న క్యాన్సరే. సిగ్మాయిడ్ పేగుదైతే సీ18.7 వేయాలి. లేకపోతే, లేని రోగానికి కీమో ఎందుకిచ్చారని పేయర్ అడుగుతాడు, అడగడం న్యాయం కూడా. మందు డబ్బా మీద రాయని రోగానికి వాడినప్పుడు, మెడికేర్ గుర్తించిన మందుల సంకలనాల్లో ఆ వాడకానికి ఆమోదం ఉందో లేదో చూసుకోవాలి. అమెరికా క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి ఎన్‌సీసీఎన్ సంకలనం వాటిలో ఒకటి.

ఇక డబ్బు. 2005 నుంచి మెడికేర్ ఈ మందులకు ఇచ్చే ధర, తయారీదారు సగటు అమ్మకపు ధర మీద ఆరు శాతం కలిపి లెక్క కట్టబడుతోంది. 2003 వరకు ప్రకటిత టోకు ధరలో 95 శాతం ఇచ్చేవారు. ఆ ప్రకటిత ధర కాగితం మీదిదే తప్ప బజారులో ఎవరూ కొనని ధర. ఇప్పుడు ధర మూడు నెలలకోసారి మారుతుంది, అదీ రెండు త్రైమాసికాల కిందటి అమ్మకాలను బట్టి. సగటు ధర 1,000 డాలర్లున్న మందును తీసుకోండి. అనుమతించిన మొత్తం 1,060. అందులో 20 శాతం, అంటే 212 డాలర్లు రోగి వాటా. మెడికేర్ వాటా 848. బడ్జెట్ కోత కింద అందులో రెండు శాతం పోగా 831 డాలర్ల 4 సెంట్లు చేతికి వస్తాయి. రోగి తన వాటా పూర్తిగా కడితే క్లినిక్‌కు మొత్తం 1,043 డాలర్ల 4 సెంట్లు. ఆరు శాతమని చెప్పే లాభం చేతికొచ్చేసరికి 4.3 శాతమవుతుంది. పెద్ద ఆసుపత్రుల్లా చౌకగా కొనలేని చిన్న క్లినిక్ ఒక్క వయల్ బిల్లు పోగొట్టుకుంటే, ఆ నష్టం పూడాలంటే అలాంటివి ఇరవైకి పైగా ఏ లోపం లేకుండా చెల్లాలి.

ఆ 212 డాలర్లను మరిచిపోకూడదు. అసలు మెడికేర్‌లో పార్ట్ బీ కింద రోగి ఏడాదికి కట్టే వాటాకు పై హద్దు లేదు; అనుబంధ బీమా లేనివారు ప్రతి డోసుకూ 20 శాతం కడుతూనే పోవాలి. పారవేసిన మందు మీద కూడా ఆ వాటా పడుతుంది. కోడర్ పొరపాటున పది యూనిట్లు ఎక్కువ వేస్తే, వాటి 20 శాతం రోగి ఇంటికి బిల్లుగా వెళ్తుంది. అమెరికాలో పిల్లల దగ్గర ఉండి గ్రీన్ కార్డు తీసుకుని, అక్కడే అయిదేళ్లు గడిచాక మెడికేర్ కొనుక్కున్న తెలుగు తల్లిదండ్రులకూ ఇదే నియమం వర్తిస్తుంది. అలాంటి ఇంట్లో బిల్లు వస్తే, విడి వివరాల ప్రతి అడిగి, యూనిట్లను మోతాదుతో పోల్చి చూసుకోవడం వాళ్ల హక్కు. 153 ఎక్కించారని కాగితంలో ఉండి బిల్లులో 306 కనబడితే కంగారు పడనక్కర్లేదు. 153 పక్కన 400 కనబడి, అందులో 94కి జేడబ్ల్యూ లేకపోతే అడగాలి.

చివరగా, పైన చూసిన షీట్‌లో ఒక్క అంకె చెరిపేద్దాం. ఆక్సాలిప్లాటిన్ 9:40కి మొదలైందని ఉంది, ఎప్పుడు ఆగిందో నర్సు రాయలేదు. తర్వాతి పుష్ 11:45కు ఉంది కాబట్టి రెండు గంటలు నడిచిందని ఎవరికైనా తెలుస్తుంది. కోడర్ మాత్రం తెలిసినట్టు ప్రవర్తించకూడదు. చార్టులో రాయనిది జరగనట్టే అన్నది ఈ వృత్తి మొదటి రోజు నేర్పే పాఠం. ఆగిన సమయం లేకపోతే దాన్ని పుష్‌గానే వేయాలి: 96413, 96415 రెండూ పోయి కీమో పుష్ కోడ్ 96409 మిగులుతుంది. మందు డబ్బు వస్తుంది, నర్సు రెండు గంటలు రోగి పక్కన ఉండి నాడి చూసిన శ్రమ లెక్కలోకి రాదు. అందుకని క్లెయిమ్‌ను ఆపి నర్సుకు క్వెరీ, అంటే లిఖితపూర్వక ప్రశ్న, పంపాలి. ఆ క్వెరీలో ‘11:40కి ఆగిందా?’ అని అడగకూడదు, ఆగిన సమయం ఏమిటని మాత్రమే అడగాలి. నర్సు పంపు రికార్డు చూసి, ఇవాళ్టి తేదీ వేసి, ఆలస్యంగా చేర్చినట్టు సంతకం చేయాలి. సేవ అందిన రోజు నుంచి ఏడాది లోపు క్లెయిమ్ పంపితే మెడికేర్ స్వీకరిస్తుంది, కాబట్టి ఆగడానికి వ్యవధి ఉంది. జవాబు వస్తే రెండు గంటల కోడ్లు, రాకపోతే 96409.